మన మీటలు మనమే అమర్చుకుందాం

ఊరి నుంచి పొలానికి బండిబాట ఒకటి ఉంటుంది. అది చుట్టూ తిరిగి పోతుంది. బండికైనా ట్రాక్టరుకైనా అదే దారి. కాని రోజుకు నాలుగుసార్లు పోయి వచ్చే మనిషి గట్టు వెంబడి తన కాలిబాట తాను వేసుకుంటాడు. పది రోజులు నడిస్తే బాట దానంతట అదే పడుతుంది. కంప్యూటరులో 'షార్ట్‌కట్' అనే మాటకు ఇంతకంటె తేలికైన అర్థం చెప్పలేము. మెనూ బండిబాట. షార్ట్‌కట్ గట్టుబాట.

కంట్రోల్-సి, కంట్రోల్-వి మనలో తెలియని వారు లేరు. అయితే అవి ఎవరో వేసిపెట్టిన బాటలు. మన పనికి తగిన బాటను మనమే వేసుకోవచ్చుననీ, అందుకు ప్రోగ్రామింగులో పండితులు కానక్కరలేదనీ చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. తెలుగులో వ్రాసే వారికి ఇది ఒక సౌకర్యం మాత్రమే కాదు, అవసరం కూడా. ఎందువల్లనో వరుసగా చూద్దాం.

ఈ బాటలు వేసినదెవరు?

టైపు మిషను కాలంలో మీట అంటే ఇనుప కడ్డీ. ఏ కడ్డీకి ఏ అచ్చు బిగించి ఉంటే ఆ అచ్చే కాగితం మీద పడేది. 1966లో ఆంధ్రప్రదేశ్ అధికార భాషా చట్టం వచ్చిన తరువాత ఆఫీసు పనికోసం తెలుగు టైపు నేర్చుకున్నవారు ఆ మిషను అమరికకే తమ వేళ్ళను అలవాటు చేసుకోవలసి వచ్చింది. మిషనుకు మనిషి లొంగాలి గాని, మనిషికి మిషను లొంగేది కాదు.

కంప్యూటరు ఈ పరిస్థితిని మార్చింది. మీటకూ పనికీ మధ్య ఇనుప కడ్డీ పోయి, ఆ స్థానంలో ఒక పట్టిక వచ్చి చేరింది. 'ఈ మీట నొక్కితే ఈ పని' అని వ్రాసిపెట్టిన జాబితా అన్నమాట. జాబితా అన్న తరువాత దిద్దుకోవచ్చు గదా!

చరిత్ర చూస్తే ఈ సంగతి ఇంకా బాగా తెలుస్తుంది. 1970ల మధ్యలో అమెరికాలోని జిరాక్స్ పార్క్ పరిశోధనశాలలో లారీ టెస్లర్, టిమ్ మాట్ అనే ఇద్దరు 'జిప్సీ' అనే ఎడిటరును తయారుచేస్తూ కట్, కాపీ, పేస్ట్ పద్ధతికి రూపం ఇచ్చారు. 1983లో ఆపిల్ వారి 'లీసా' కంప్యూటరులో ఆ పనులకు ఎక్స్, సి, వి మీటలు, చేసినదాన్ని రద్దు చేయడానికి జెడ్ మీట ఏర్పడ్డాయి. ఈ నాలుగూ కీబోర్డు అడుగు వరుసలో ఎడమచేతి క్రింద పక్కపక్కనే ఉంటాయి. కుడిచెయ్యి మౌస్ మీద ఉన్నా ఎడమచేతితో పని జరిగిపోతుంది.

'వి' అనే ఎడిటరును బిల్ జాయ్ 1976లో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో వ్రాశాడు. ఆయన వాడిన ఏడీఎం-3ఎ టెర్మినల్ మీద బాణం గుర్తులకు వేరే మీటలు లేవు. హెచ్, జె, కె, ఎల్ మీటల మీదనే బాణాలు ముద్రించి ఉండేవి. అందువల్ల వి ఎడిటరులోనూ, దాని సంతతిగా బ్రామ్ మూలెనార్ 1991లో విడుదల చేసిన 'విమ్' ఎడిటరులోనూ కర్సరును కదిపేవి ఈనాటికీ ఆ నాలుగు మీటలే. ఆ టెర్మినల్ ఏనాడో మూలబడింది. దాని అలవాటు మాత్రం మన వేళ్ళ మీద మిగిలింది.

'ఈమాక్స్' కథ మరీ విచిత్రం. ఎం.ఐ.టి. ప్రయోగశాలలో 'టెకో' అనే ఎడిటరుకు ఎవరికి వారు సొంత ఆదేశాలు కూర్చుకుంటూ పోయారు. చివరకు ఒకరు కూర్చుకున్న అమరికతో ఇంకొకరు పనిచేయలేని పరిస్థితి వచ్చింది. వాటిని ఒక చోటికి తెచ్చే పని గై స్టీల్ మొదలుపెట్టగా, రిచర్డ్ స్టాల్‌మన్ ముందుకు తీసుకుపోయాడు. ఆ విధంగా 1976లో ఈమాక్స్ పుట్టింది. 'ఎడిటింగ్ మాక్రోస్' అనే మాటలే కుదించుకొని ఈమాక్స్ అయినవి. అనగా, సొంత మీటలు అమర్చుకునే అలవాటులో నుంచే ఒక గొప్ప ఎడిటరు పుట్టిందన్నమాట. దానిలోని ఇబ్బంది కూడా ఆనాడే బయటపడింది. ఆ ఇబ్బంది సంగతి చివర చెబుతాను.

దీనినిబట్టి మనం గ్రహించవలసినది ఒక్కటే. మనం వాడే షార్ట్‌కట్లు ప్రకృతి నియమాలు కావు. ఎవరో కొందరు, ఆనాటి యంత్రాలమీద, ఇంగ్లీషులో తమకు అవసరమైన పనులకోసం ఎంచుకున్నవి. వాళ్ళ పట్టికలో తెలుగు పని ఉండాలని మనం ఆశించలేము.

మీట నొక్కితే ఏం జరుగుతుంది?

అమరిక మార్చే ముందు మీట ప్రయాణాన్ని కొంచెం తెలుసుకోవాలి. నాలుగు మజిలీలుగా అనుకుందాం.

1. మీట నొక్కగానే కీబోర్డు ఒక సంఖ్యను పంపుతుంది. అది అక్షరం కాదు. 'ఫలానా చోట ఉన్న మీట నొక్కబడింది' అనే కబురు మాత్రమే.

2. ఆపరేటింగ్ సిస్టమ్ ముందుగా ఆ కబురు తనకోసమా అని చూసుకుంటుంది. ఆల్ట్-ట్యాబ్ వంటివి ఇక్కడే ఆగిపోతాయి. ఎడిటరు దాకా రావు.

3. తరువాత భాష అమరిక ఆ సంఖ్యను అక్షరంగా మారుస్తుంది. ఇంగ్లీషు అమరికలో కె అయినది తెలుగు ఇన్‌స్క్రిప్ట్ అమరికలో క అవుతుంది.

4. చివరకు ఎడిటరు తన పట్టిక తీసి చూస్తుంది. దానిలో ఈ మీటల కలయిక ఉంటే ఆ పని చేస్తుంది. లేకపోతే అక్షరాన్ని తెరమీద వేస్తుంది.

మనం దిద్దబోయేది ఈ నాల్గవ మజిలీలోని పట్టికను. మొదటి మూడింటిలో తేడా వస్తే మన దిద్దుబాటు ఎంత చక్కగా ఉన్నా ఫలితం ఉండదు. 'నేను సరిగ్గానే పెట్టాను, పనిచేయడం లేదు' అని ల్యాబులో వినిపించే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం రెండవ, మూడవ మజిలీల్లో దొరుకుతుంది.

కంట్రోల్ మీట గురించి సైన్సు విద్యార్థులు తెలుసుకోదగిన ముచ్చట ఒకటి ఉంది. ఆస్కీ పద్ధతిలో ఐ అక్షరం సంఖ్య 73. ద్విసంఖ్యామానంలో 1001001. పాత టెర్మినళ్ళలో కంట్రోల్ నొక్కితే పై రెండు బిట్లు సున్నా అయి 0001001, అనగా 9 మిగులుతుంది. 9 అంటే ట్యాబ్. అదే విధంగా ఎం అక్షరం 77. దానిలో నుంచి 64 పోతే 13. అది ఎంటర్ మీట సంఖ్య. అందువల్ల టెర్మినల్‌లో నడిచే ఎడిటరుకు మామూలుగా కంట్రోల్-ఐకి, ట్యాబ్‌కు తేడా తెలియదు. ఒకదానికి కొత్త పని అప్పగిస్తే రెండవది కూడా మారిపోతుంది. అలాగే షిఫ్ట్-స్పేస్‌కు, ఉత్త స్పేస్‌కు కూడా అక్కడ మామూలుగా తేడా కనబడదు. విండోతో నడిచే చాలా ఎడిటర్లకు ఈ చిక్కు లేదు.

కనిపించని అక్షరం

ఇక తెలుగు విషయానికి వద్దాం. మన తీరం వెంట సాగే కాలువ పేరు వ్రాయాలి. 'బకింగ్‌హాం కాలువ' అని వ్రాయదలచుకున్నాం. గ, పొల్లు, హ వరుసగా కొడితే తెరమీద 'బకింగ్హాం' అని పడుతుంది. హకారం కింద వత్తుగా చేరిపోతుంది. తప్పు కంప్యూటరుది కాదు. పొల్లు తరువాత హల్లు వస్తే వత్తుగా మార్చమన్నదే తెలుగు లిపి నియమం. కాని మనకు కావలసినది విడి పొల్లు. శ్రీహరికోట నుంచి ఎగిరే పీఎస్‌ఎల్‌వీ పేరులోనూ ఇదే చిక్కు. సాఫ్ట్‌వేర్, పోర్ట్‌లో, హైదరాబాద్‌కు, షార్ట్‌కట్ అన్నీ ఇదే కోవలోవి.

దీనికోసం యూనికోడ్‌లో ఒక అక్షరం ఉన్నది. దాని పేరు జీరో విడ్త్ నాన్-జాయినర్. 'వెడల్పు లేని విడదీత' అనుకోవచ్చు. దాని సంఖ్య షోడశాంశ పద్ధతిలో 200సి, దశాంశంలో 8204. పొల్లుకు, తరువాతి హల్లుకు మధ్య దీన్ని ఉంచితే రెండూ కలవకుండా నిలబడతాయి. అది మాత్రం కంటికి కనబడదు. మామూలు ఇంగ్లీషు కీబోర్డు మీద దానికంటూ ఒక మీట ముద్రించి లేదు. కొన్ని తెలుగు అమరికల్లో ఉన్నా అమరికకొక తీరుగా ఉంటుంది.

మీట చేతికి అందకపోవడంతో జరుగుతున్నదేమిటి? కొందరు 'సాఫ్ట్వేర్' అని వత్తుతోనే వదిలేస్తారు. కొందరు మధ్యలో ఖాళీ పెట్టి 'సాఫ్ట్ వేర్' అని రెండు మాటలు చేస్తారు. వరుస చివరకు వస్తే ఆ మాట సగం పైన, సగం కింద పడుతుంది. ఒకే వ్యాసంలో మూడు రూపాలు ఉంటే కంప్యూటరుకు అవి మూడు వేర్వేరు మాటలు. మామూలు వెతుకులాటలో ఒకటి కొడితే మిగిలిన రెండూ దొరకవు. రేపు ఎవరైనా మన తీరం మీద వచ్చిన వ్యాసాలన్నీ పోగుచేసి బకింగ్‌హాం కాలువ గురించి వెతికితే, సగం వ్యాసాలు ఉండీ లేనట్లే అవుతాయి. మీటల అమరికలో లోపం మాట వర్ణక్రమం దాకా వచ్చిందన్నమాట. చిన్న విషయం అనిపించవచ్చు గాని, భాషకు సంబంధించినంతవరకు ఇది చిన్నది కాదు.

ఇదే అక్షరం పారశీక భాష వ్రాసేవారికి నిత్యావసరం. ఇరాన్ దేశపు కీబోర్డు ప్రమాణంలో దీన్ని షిఫ్ట్-స్పేస్ మీద పెట్టారు. వేలికి అందే చోటు, గుర్తుండే చోటు. విండోతో నడిచే ఎడిటరులో మనమూ ఆ మీటనే ఎంచుకోవచ్చు.

అమర్చుకునే విధానం

వీఎస్ కోడ్: మైక్రోసాఫ్ట్ వారు 2015లో తెచ్చిన ఈ ఎడిటరులో కంట్రోల్-కె, వెంటనే కంట్రోల్-ఎస్ నొక్కితే షార్ట్‌కట్ల పట్టిక మొత్తం తెరుచుకుంటుంది. ఉన్న పనికి మీట మార్చాలంటే ఆ వరుసమీద రెండుసార్లు క్లిక్ చేసి, కావలసిన మీటలు నొక్కి, ఎంటర్ కొడితే చాలు. ఆ మీటలు అప్పటికే వేరే పనికి ఉంటే ఆ సంగతి అక్కడే చెబుతుంది.

మన విడదీత అక్షరం పట్టికలో లేని పని కాబట్టి దాన్ని చేతితో వ్రాయాలి. పైన కుడిమూల ఉన్న గుర్తు నొక్కితే ఇదే పట్టిక జేసన్ ఫైలుగా వస్తుంది. అందులో ఒక పద్దుకు నాలుగు గడులు. 'కీ' అనే గడిలో షిఫ్ట్-స్పేస్ మీటలు (మధ్యలో కూడిక గుర్తుతో). 'కమాండ్' గడిలో టైప్ అనే ఆదేశం. 'వెన్' గడిలో ఎడిటర్ టెక్స్ట్ ఫోకస్ అనే మూడు మాటలు కలిపి. దీని అర్థం 'కర్సరు వ్రాత భాగంలో ఉన్నప్పుడు మాత్రమే' అని. చివరిది 'ఆర్గ్స్', దానిలో టెక్స్ట్ అనే పేరుకు ఎదురుగా వెనక్కి వాలిన గీత, చిన్న యు, 200సి. సేవ్ చేయగానే పనిచేస్తుంది. గడుల పేర్లు, ఆదేశాలు ఇంగ్లీషు అక్షరాలలోనే ఉండాలి. 'వెన్' గడిలోని మాటల్లో రెండవ, మూడవ మాటల మొదటి అక్షరాలు మాత్రం పెద్దవి.

నోట్‌ప్యాడ్++: సెట్టింగ్స్ మెనూలో షార్ట్‌కట్ మాపర్ ఉంటుంది. అయితే దీనిలో అసలు విశేషం మాక్రో. ప్రాక్టికల్ రికార్డులో 40 రీడింగులు ఉన్నాయనుకుందాం. ఒక్కొక్క వరుసలో రెండు అంకెలు, మధ్య ఖాళీ. గ్రాఫు గీసే ప్రోగ్రాముకు ఖాళీ బదులు కామా కావాలి. హోమ్, కంట్రోల్-కుడిబాణం, బ్యాక్‌స్పేస్, కామా, కింది బాణం. వరుసకు అయిదు నొక్కులు, నలభై వరుసలకు రెండువందలు. ఈ అయిదింటినీ మాక్రో మెనూలో రికార్డింగ్ పెట్టి మొదటి వరుస మీద ఒక్కసారి చేయాలి. ఆపి, సేవ్ చేస్తే పేరు, మీట అడుగుతుంది. మిగిలిన 39 వరుసలకు 'అనేకసార్లు నడుపు' అనే ఆదేశం చాలు. హోమ్‌తో మొదలుపెట్టడంలో కిటుకు ఉంది. కర్సరు ఎక్కడున్నా ప్రతి వరుసా ఒకే చోటు నుంచి మొదలవుతుంది.

ఈమాక్స్: దీనిలో కంట్రోల్-సి తరువాత ఒక అక్షరం అనే కలయికలన్నీ వాడేవారికోసమే వదిలిపెట్టాలని కట్టుబాటు. ఇంటి వెనుక పెరడు వంటిది. మన ఇష్టం వచ్చినది నాటుకోవచ్చు. కంట్రోల్-సి, జెడ్ అనే కలయికను మన విడదీత అక్షరానికి ఇస్తే ఎవరితోనూ పేచీ రాదు.

విమ్: సెట్టింగుల ఫైలులో 'ఐనోరీమ్యాప్' అనే ఆదేశం, ఎఫ్9 మీట, తరువాత కంట్రోల్-వి, యు, 200సి వ్రాస్తే వ్రాత దశలో ఎఫ్9 నొక్కినప్పుడల్లా విడదీత పడుతుంది. 'నోరీ' అన్న ముక్క వదిలిపెట్టకూడదు. అది లేకపోతే ఒక మీట ఇంకొక మీటను, అది మరొకదాన్ని పిలుచుకుంటూ పోయే ప్రమాదం ఉంది.

తెలుగు పెట్టగానే మొరాయించే మీటలు

విమ్‌లో వ్రాత దశ వేరు, ఆదేశ దశ వేరు. ఆదేశ దశలో అక్షరాలే ఆదేశాలు. కంప్యూటరు భాష ఇన్‌స్క్రిప్ట్ తెలుగులో ఉన్నప్పుడు హెచ్, జె, కె, ఎల్ నొక్కితే ఎడిటరుకు అందేవి ప, ర, క, త. వరుస చెరిపే ఆదేశం కోసం డి రెండుసార్లు కొడితే రెండు పొల్లులు అందుతాయి! పట్టికలో అవి లేవు గనుక కర్సరు కదలదు. చూసేవారికి కంప్యూటరు చెడిపోయినట్లుంటుంది. నిజానికి ఇది మూడవ మజిలీ సమస్య.

విరుగుడు రెండు విధాలు. విమ్‌లో 'లాంగ్‌మ్యాప్' అనే సెట్టింగు ఉంది. ఆదేశ దశలో క వస్తే కె అనుకో, ప వస్తే హెచ్ అనుకో అని దానికి జత జతలుగా చెప్పవచ్చు. ఇన్‌స్క్రిప్ట్‌ను కేంద్ర ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ 1986లో ప్రమాణంగా చేసింది. హల్లులు కుడివైపు, అచ్చులు ఎడమవైపు ఉండే ఆ అమరిక భారతీయ లిపులన్నింటికీ దాదాపు ఒకటే. కాబట్టి ఈ జతల జాబితా ఒకసారి తయారుచేస్తే తోటివారికీ ఉపయోగపడుతుంది. రెండవ మార్గం ఈమాక్స్‌ది. కంప్యూటరును ఇంగ్లీషులోనే ఉంచి, ఈమాక్స్ లోపలి తెలుగు ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిని ఎంచుకోవాలి. కంట్రోల్, వెనక్కి వాలిన గీత కలిపి నొక్కితే తెలుగు వస్తుంది, మళ్ళీ నొక్కితే పోతుంది. అక్షరాలు తెలుగులో పడుతున్నా కంట్రోల్ ఆదేశాలు యథాప్రకారం నడుస్తాయి.

ఎన్ని పెట్టుకోవాలి? ఏవి పెట్టుకోవాలి?

నాట్లు వేసేటప్పుడు నారుకట్టలను మడిలో అక్కడక్కడా విసిరి ఉంచుతారు. వంగినవాళ్ళు లేచి గట్టుదాకా పోకుండా, కట్ట అయిపోయేసరికి ఇంకొకటి చేతికి అందాలని. అట్లాగని మడి నిండా కట్టలే పరిస్తే నాటే చోటు ఉండదు. మీటల సంగతీ అంతే. ఇరవై షార్ట్‌కట్లు పెట్టుకొని మూడింటిని వాడటంకంటె, మూడు పెట్టుకొని మూడూ వాడటం మేలు. పాటించదగిన నియమాలు కొన్ని:

1. ముందు లెక్క వేయాలి. ఒక వ్యాసంలో విడదీత 60 సార్లు కావాలి, మెనూలో వెతికి పెట్టడానికి 10 సెకన్లు పడుతుంది అనుకుంటే 600 సెకన్లు, అనగా పది నిమిషాలు. అమరికకు అయిదు నిమిషాలు పడితే మొదటి వ్యాసంలోనే లాభం. ఏడాదికి ఒకసారి చేసే పనికి మాత్రం మెనూయే చాలు.

2. సేవ్, అన్‌డూ, కాపీ, పేస్ట్ మీటలను కదిలించరాదు. రేపు పరీక్షహాలులోనో, ఉద్యోగంలోనో కొత్త కంప్యూటరు ముందు కూర్చుంటే అవే మనకు దిక్కు.

3. ఒకరి నారుమడిలో నుంచి బాట వేస్తే తగాదా తప్పదు. మీట పెట్టేముందు అది ఖాళీగా ఉన్నదా అని పట్టికలో వెతకాలి. విండోస్‌లో కంట్రోల్, ఆల్ట్ కలిపినవి కొన్ని అమరికల్లో అక్షరాలకే కేటాయించి ఉంటాయి. ఇంగ్లీషు (ఇండియా) అమరికలో ఆ రెండింటితో 4 నొక్కితే రూపాయి గుర్తు పడుతుంది.

4. ఒకేసారి ఒక్క మీటే మార్చాలి. వారం రోజులు వేళ్ళకు పట్టిన తరువాత ఇంకొకటి.

5. సెట్టింగుల ఫైలు ప్రతి ఒకటి దాచుకోవాలి. అందులో ప్రతి పద్దుకు ఎందుకు పెట్టామో ఒక్క వాక్యం తెలుగులోనే వ్రాసి ఉంచాలి. ఆరు నెలల తరువాత మనకే గుర్తుండదు.

6. ల్యాబు కంప్యూటరు అందరిదీ. ఎం.ఐ.టి.లో ఆనాడు వచ్చిన ఇబ్బంది ఇదేనని మరువరాదు. మన అమరికను మన ఖాతాలోనే ఉంచాలి. ఖాతా ఉమ్మడిదైతే పని ముగిశాక పాత అమరికను తిరిగి పెట్టి లేవాలి. మన తరువాత కూర్చునేది కీబోర్డును మొదటిసారి తాకుతున్న జూనియర్ తమ్ముడో, చెల్లెలో కావచ్చు. నొక్కిన మీట ఒకటి, జరిగిన పని ఇంకొకటి అయితే, తనకే చేతకాలేదని వాళ్ళు భయపడతారు.

ఈ చివరి మాట మనవి చేయడానికి కారణం ఉంది. పల్లెల నుంచి వచ్చిన మనలో చాలామందికి కంప్యూటరు అంటే ఎవరో పెద్దవాళ్ళు తయారుచేసినది, దాని మాట మనం వినాలి అనే భావం ఉంటుంది. అదే భావంతో తెలుగు మాటను కంప్యూటరుకు వీలుగా విరిచి వ్రాస్తున్నాము. వ్రాయడం కష్టమని ఇంగ్లీషుకు మళ్ళుతున్నాము. తేలికగా పడని మాట క్రమంగా వ్రాతలో నుంచి తప్పుకుంటుంది. దాన్ని ఎవరూ నిషేధించరు. వేలికి అందకపోవడమే చాలు.

మన సంచికకు వ్యాసం వ్రాసే మిత్రులందరూ ఈ ఏడాది ఒక్క మీట, ఆ విడదీత మీటను, తమ ఎడిటరులో అమర్చుకోవాలని కోరుతున్నాను. అయిదు నిమిషాల పని. లాంగ్‌మ్యాప్ జతల జాబితా తయారుచేయడానికి ఇద్దరు ముగ్గురు కలిసివస్తే అది మన కంప్యూటరు ల్యాబులోనే ఒక సాయంకాలం పని. తరువాత వచ్చేవారికి అది సిద్ధంగా ఉంటుంది.